చెవి యెదురుచూచినది

గత వేసవిలో మా అక్కగారి కుమారుడు బెంగుళూరునుండి పామిడికి వచ్చెను. ఎన్నడు వచ్చినను ఒకపూట యుండి పోవువాడు, ఈమారు వారము దినములు సెలవు పెట్టితినని చెప్పగా ఇంటిల్లిపాదికిని సంతోషమైనది. మొదటిరాత్రి భోజనములైన పిదప మిద్దెమీద చాపలు పరచుకొని కూర్చుంటిమి. పెన్న వైపునుండి గాలి వచ్చుచుండెను. గాలియే కాని అందులో నీటి చల్లదనము లేదు. మా యూరివద్ద పెన్న ఏడాదిలో పెక్కుమాసములు ఇసుకయే. మేనల్లుడు అరచేతిలో నిముడు స్పీకరు నొకదానిని సంచిలోనుండి తీసి, "మామా, ఒక పాట ఇనిపిస్తా. పది నిముషాలుంటాది. నడాన లేసిపోగూడదు" అనెను.

మేము విన్నది మూడు నిమిషములు. మొదట గిటారు మెల్లగా, ఎవరో జోలపాటకు శ్రుతి చూచుకొనుచున్నట్లు మ్రోగెను. మేము గోడకు చేరగిలబడితిమి. అంతలో, హెచ్చరిక యించుకంతయు లేక, గిటారులును డ్రమ్ములును ఒక్కుమ్మడిగా మీదపడెను. వానితోపాటు ఒక మనుష్యుని కంఠము వినవచ్చెను. అది పాడుట కాదు, బావిలోనుండి గర్జించుట. మా చేతిలోని చెంబు తొణకెను. పిదప తాళము వేయజూచితిమి. వ్రేళ్ళు నాలుగు మడువకముందే పాట మరియొక దారిని పట్టెను. "ఆపరా నాయనా! ఇది సంగీతమా, పెనుగులాటా? తలా తోకా లేని చప్పుడు!" అంటిమి. అతడు మారుమాటాడక ఆపి, స్పీకరును సంచిలో పెట్టుకొనెను. మరునాటి సాయంకాలము పనియున్నదని చెప్పి బస్సెక్కెను. సెలవు ఇంకను ఐదు దినము లుండెను.

"వాడు నీకు ఇనిపించల్లనే తెచ్చుకున్యాడురా," అని అక్క యనెను. "వానికి తాళమెయ్యడం నేర్పిచ్చింది నువ్వు గాదా? ఇంగ యవురికి ఇనిపిస్తాడు?"

ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఏడవయేట ఆ పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, వాని చేతిని మా చేతబట్టి ఆదితాళము వేయించినవారము నిజముగా మేమే.

ఆ రాత్రి మరియొక జ్ఞాపకము వచ్చి నిద్ర పట్టనీయలేదు. మాకు ఎనిమిదేండ్ల ప్రాయమున గంగమ్మ జాతరకు ఉరుములవారు వచ్చియుండిరి. ఉరుము అనునది మా అనంతపురము సీమలోని వాద్యము. దాని చర్మమును పుల్లతో రాచినప్పుడు దూరపు మేఘము గొణిగినట్లుండును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో ఒక వాద్యమునకు ఆ పేరెందుకు వచ్చెనో వివరింప నక్కరలేదు. ఉరుములవారు వలయముగా తిరుగుచు వాయించుచుండగా మేము నోరు తెరచుకొని నిలిచిపోతిమి. మా తండ్రిగారు వచ్చి చెవి పట్టుకొని ఇంటికి ఈడ్చుకొనిపోయి, "ఆ చప్పుడులో ఏమున్నదిరా?" అనిరి. వారు సంస్కృత పండితులు, దయగల మనుష్యులు. మా జిల్లాలోని రాళ్ళపల్లిలో జన్మించి, 1974లో సంగీత కళానిధి బిరుదమందిన అనంతకృష్ణశర్మగారి వేమనోపన్యాసముల పుస్తకము వారి అలమరలో ఎల్లప్పుడును ఉండెడిది. కులము నంతగా ఎత్తిపొడిచిన వేమనను గూర్చి చదువుకొనియు, ఉరుమును చప్పుడనుటలో చెవి పాలెంత, ఆ వాయించువారి వాడ పాలెంత యని వారు విచారింపలేదు. మేమును ఆనాడు విచారింపలేదు. మేనల్లునితో మేమన్న మాట మాత్రము మా తండ్రిగారి మాటయే.

నాలుగు దినములు బెట్టుచేసి, అయిదవనాడు మేనల్లునికి ఫోనులో ఒక సందేశము పంపితిమి: "ఆ పాట పేరేమి?" రెండు దినములకు బదులు వచ్చెను. కుశలప్రశ్న లేదు, కొన్ని పేర్లు మాత్రమున్నవి. మేము మిద్దెపై విన్నది స్వీడను దేశమునకు చెందిన ఓపెత్ అను బృందము 2005లో వెలువరించిన 'ఘోస్ట్ ఆఫ్ పెర్డిషన్' అను పాట. ఈ జాతి సంగీతమును ప్రోగ్రెసివ్ మెటల్ అందురు. మెటల్ అనగా లోహము. ధ్వని పేరునకు తగినట్లే యుండును. ప్రోగ్రెసివ్ అను విశేషణము, పాట ఒకే గతిలో ఒకే యచ్చులో నడువక, దీర్ఘమై, తాళములు మార్చుకొనుచు సాగునని తెలుపును.

మేము బడినుండి వచ్చిన తరువాత ప్రతిదినమును అరగంట చొప్పున వినసాగితిమి. మొదటి వారము శిరోవేదన తప్ప మరేమియు దక్కలేదు. ఆ వారమున తోచిన ఒక్క సంగతి యేమనగా, ఉలికిపాటు వేరు, విస్మయము వేరు. వాకిట టపాకాయ పేలినచో పసిబిడ్డయు ఉలికిపడును, పిల్లియు ఉలికిపడును. దానికి చదువక్కరలేదు. విస్మయము కలుగవలెనన్న, ముందు ఇట్లు జరుగునను తలంపొకటి మనసులో నిలిచియుండవలెను. ఆ తలంపు తప్పినప్పుడు గాని విస్మయము లేదు. ఆస్ట్రియా దేశస్థుడైన హైడన్ 1791లో రచించి, మరుసటి యేడు లండనులో వినిపించిన 94వ సింఫనీ రెండవ భాగములో, చిన్నపిల్లలు పాడదగినంత సులభమైన పలుకొకటి మెల్లగా వచ్చును. మరల ఇంకను మెల్లగా వచ్చును. అంతట వాద్యబృందమంతయు ఒక్కపెట్టున ఒక్క దెబ్బ కొట్టును. దానికి 'సర్‌ప్రైజ్' సింఫనీ యని పేరే పడినది. ఆ దెబ్బలోని చమత్కారము దెబ్బలో లేదు, దానికి ముందున్న మెత్తని పలుకులో నున్నది. శ్రోత ఆ పలుకును నమ్మినాడు కావుననే మోసపోయినాడు. మిద్దెమీద మేము ఉలికిపడితిమేకాని విస్మయమందలేదు. మేము దేనిని నమ్మితిమి గనుక!

మా మేనల్లుడు ఒకదినము తానే ఫోను చేసెను. మేము ఏమి వింటిమో పరీక్షింపదలచినట్లుండెను. మెషుగ్గా అను బృందమును గూర్చి అడుగగా మేము, "లెక్క తెగుట లేదురా; వారు తాళము తప్పుచున్నారు" అంటిమి. అతడు నవ్వి, "వాళ్ళు తప్పల్యా మామా. నువ్వు గిటారెనక పోతాండావు. డ్రమ్ములాయన కుడిచెయ్యి ఇను" అనెను.

ఆ ఒక్క మాట మాకు తలుపు తెరచెను. ఈ బృందము 1987లో స్వీడనులోని ఉమెయో పట్టణమున ఏర్పడినది. వీరి పాటలు పెక్కింట డ్రమ్ములు వాయించువాని కుడిచేయి కంచుపళ్ళెముపై నాలుగు నాలుగుగా నడచును. అది మన చేతి తాళము వంటిది, చలింపదు. గిటారులును, కాలితో త్రొక్కు పెద్ద డ్రమ్మును మాత్రము వేరొక కొలతను పట్టుకొనును. రీతి తెలియుటకు మేమే ఒక లెక్క కట్టి చూపుదుము. చేతి తాళము 64 మాత్రల ఆవర్తన మనుకొనుడు. గిటారు పలుకు 17 మాత్రలు. మూడుమార్లు పలికినచో 51. నాలుగవమారు మొదలిడి 13 మాత్రలు నడచునప్పటికి 64 నిండును. అంతట ఆ పలుకును, దాని తోక నాలుగు మాత్రలు మిగిలియుండగనే, కత్తితో కోసినట్లు కోసివేసి, క్రొత్త ఆవర్తనమును రెండింటిని కలిపి మొదలిడుదురు. మేము తలా తోకా లేదంటిమి. తల యున్నది, తోకను మాత్రము బుద్ధిపూర్వకముగా తెగగోసిరి.

ఇది తెలిసిన పిదప మృదంగము జ్ఞప్తికి రాక తప్పునా? మన మార్దంగికుడును ఇట్టి లెక్కలతోనే జీవించును. ఆదితాళమున ఎనిమిది యక్షరములు, అక్షరమునకు నాలుగు మాత్రలు, వెరసి 32. 'తదిగిణతొం' అను అయిదు మాత్రల జతిని మూడుమార్లు పలుకగా 15. పదునేడు మాత్రలు గడచిన వెంటనే దానిని మొదలిడినవాడు సరిగా సమమునకు వచ్చి వ్రాలును. మధ్యలో శ్రోత చేయి తడబడును, వీడు తప్పెనేమో యని గుండె కొట్టుకొనును; తుదకు సమము మీద జతియు తాళమును ఒక్కటై పడగా సభయంతయు 'భళా' యనును. లెక్క రెండుచోట్లను లెక్కయే. భేదమేమనగా, మనవాడు పలుకును పూర్ణముగా చెల్లించి ఇల్లు చేరును. స్వీడనువాడు పలుకును నడిదారిలో విడిచి ఇల్లు చేరును. మృదంగమునకు అలవడిన మా చెవి పలుకు పూర్తియగునని యెదురుచూచును గనుక ఆ కోత మాకు దిగ్భ్రమ కలిగించెను. ఆ కోతకే అలవడిన మా మేనల్లుడు దానికొరకు కాచుకొని యుండి, అది పడిన క్షణమున తల యూపును. ఒకే ధ్వని; ఒకనికి అడుగు తప్పుట, వేరొకనికి గమ్యము చేరుట.

ఏడు మాత్రల తాళమును తీసికొనుడు. నాలుగు లెక్కలకు అలవాటుపడిన పాశ్చాత్య శ్రోతకు ఏడు కుంటినడకవలె తోచును. ఆ సంగీతజ్ఞులు శ్రోతను కలవరపెట్టుటకు దానిని వాడుదురు. మన ఇండ్లలోనో, మిశ్రచాపు పాటలను ఆడవారు వంటపనిలో కూనిరాగము తీయుదురు. వారిని ఏడు లెక్కించుచున్నారా యని అడిగినచో నవ్విపోదురు. ఈ విషయమున 2005లో హానన్, ట్రెహబ్ అను విదుషీమణులు శిశువులపై చేసిన పరీక్షలు చదివితిమి. బాల్కను దేశముల జానపద సంగీతమున సమముకాని తాళములు మెండు. ఉత్తర అమెరికాలో పెరుగుచున్న ఆరునెలల శిశువులు తమ తాళములందును ఆ పరాయి తాళములందును భంగము కలిగినప్పుడు సమానముగ కనిపెట్టిరట. పండ్రెండవ నెల వచ్చుసరికి పరాయి తాళమున ఆ శక్తి సన్నగిల్లెను. రెండువారములు ఆ సంగీతము వినిపింపగా ఆ శిశువులకది తిరిగి వచ్చినది. పెద్దవారికి మాత్రము రాలేదు. నలుబదులు దాటిన మాకు ఈ తుదివాక్యము రుచింపలేదని వేరుగ చెప్పనేల? అయినను పాఠము స్పష్టము. చెవి పుట్టుకతో అన్నింటికి తెరచియుండి, పెంపకముతో కొన్నింటికి మూసికొనును. ఆ మూసికొన్న తలుపునే మనము అభిరుచి యనుచున్నాము.

తెలుగువారికి ఎదురుచూపు, విస్మయము అనువాని సంబంధము క్రొత్త కాదు. అష్టావధానమున నిషిద్ధాక్షరి యను అంశమున్నదికదా. అవధాని ఒక్కొక్క యక్షరము చెప్పుచుండగా, తరువాత రాదగిన యక్షరమును ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధించును. అవధాని 'శ్రీ' యనగనే 'రా' కూడదనును. సభయు ఆ 'రా' కొరకే యెదురుచూచుచుండెను. అవధాని చిరునవ్వుతో మరొక యక్షరమును చెప్పి, అర్థమును పండించి, గణయతిప్రాసములను నిలిపినప్పుడు ఆ సంతోషము ఎవరిది? పృచ్ఛకునితోపాటు ఊహించినవానిది. తెలుగు రాని పెద్దమనిషిని సభలో ముందువరుసను కూర్చుండబెట్టినను అతనికి ఒక్క విస్మయమును లేదు. ఎవరో ఇద్దరు అక్షరములు చెప్పుకొనుచున్నారు, అంతే. అతడు లేచి దీనిని చప్పుడన్నచో మనమేమందుము?

మా విద్యాగర్వమునకు పెద్దదెబ్బ తగిలినది టూల్ అను అమెరికా బృందము 2001లో వెలువరించిన 'లాటరలస్' అను పాటవద్ద. దానిని పదిమార్లు విని, బాగుగనే యున్నదని మేనల్లునికి వ్రాసితిమి. "మాటల్లో అక్షరాలు లెక్కపెట్టినావా?" అని అతడడిగెను. లెక్కపెట్టలేదు. ఛందస్సు పాఠము చెప్పు మేము, అన్యభాషాపదములన్న భావముతో ఆ పని చేయలేదు. కాగితము తీసికొని కూర్చుంటిమి. మొదటి చరణమున పాదపాదమునకు అక్షరముల సంఖ్య 1, 1, 2, 3, 5, 8. ప్రతి సంఖ్యయు దాని ముందున్న రెండింటి మొత్తము. పాశ్చాత్యులు ఈ శ్రేణికి, 1202లో తన గణితగ్రంథమున దానిని పేర్కొన్న ఇటలీవాని పేర ఫిబొనాచీ శ్రేణి యని పేరు పెట్టిరి. కాని అతనికి ముందే విరహాంకుడు, హేమచంద్రుడు మొదలైన మన ఛందోవేత్తలు మాత్రావృత్తములను లెక్కించుచు దీనిని కనుగొనియుండిరి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మూడు మాత్రలను లఘుగురువులతో మూడు విధముల నింపవచ్చును, నాలుగు మాత్రలను అయిదు విధముల, అయిదు మాత్రలను ఎనిమిది విధముల. మేము ఏటేట నల్లబల్లపై వ్రాయు లెక్కయే ఇది.

ఎనిమిది తరువాత పదుమూడు రావలెను. మేము పదుమూడు కొరకు చూచితిమి. అయిదు వచ్చెను, పిదప మూడు. శ్రేణి శిఖరమునకెక్కి వెనుకకు దిగుచున్నది. ఆ క్షణమున, ఏకాంతమున, కాగితము ముందర, మాకు నిజమైన విస్మయము కలిగెను. గమనింపుడు: అంతకుముందు పదిమార్లు ఆ చోటనే ఆ యక్షరములే వింటిమి. ఏమియు కలుగలేదు. ధ్వని మారలేదు, గాయకుడు మారలేదు, మా చెవిలో పదుమూడు అను ఆశ పుట్టినది, అంతే.

లెనర్డ్ మేయర్ అను అమెరికా పండితుడు 1956లో ప్రకటించిన గ్రంథమున, సంగీతమున భావోద్రేకమునకు మూలము ఆశించినది ఆగుటయో, తప్పుటయో, ఆలస్యమగుటయో యని ప్రతిపాదించెను. డేవిడ్ హ్యూరన్ అను మరియొకడు 2006లో దానిని విస్తరించి, ఊహ తప్పినప్పుడు మనుష్యునికి మూడు విధములగు వికారములు కలుగునని చెప్పెను: నవ్వు, గగుర్పాటు, నిశ్చేష్టత. చదువుచు మేము నవ్వుకొంటిమి. మన యాలంకారికులు సాత్త్వికభావములలో స్తంభమును రోమాంచమును ఏనాడో లెక్కించియున్నారు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున, రసమునకెల్ల సారము చమత్కారమే గనుక అంతటను అద్భుతమే కలదను తన పూర్వుడు నారాయణుని మతమును చెప్పెను. మన పెద్దలకు అన్నియు తెలియునని చాటుటకు ఇది వ్రాయుటలేదు. ఆ గొప్ప చాటుకొనువారు మన దేశమున కావలసినంతమంది యున్నారు. మన పెద్దలు సహృదయుడు అనువానిని కావ్యమునకు వెలుపల నిలుపక లోపల కూర్చుండబెట్టిరి, దానిని మేము ముప్పదియేండ్లుగా చదువుచునే యుంటిమి, మిద్దెమీద మాత్రము దానిని మరచితిమి. అది చెప్పుటకు వ్రాయుచున్నాము.

ఇచ్చట పాఠకులొక ప్రశ్న వేయవచ్చును. ఒకమారు తెలిసిన పిదప విస్మయమెక్కడిది? మా మేనల్లుడు ఓపెత్ పాటను వందలమార్లు వినియున్నాడు; ఆ దెబ్బ ఎప్పుడు పడునో వానికి తెలియును. మరి ఏల వినును? మేమును దీనిని గూర్చి చాలదినములు తలపోసితిమి. పద్యనాటకముల కాలమును ఎరిగినవారికి దీనికి సమాధానము తెలియును. ద్రౌపదికి చీరలు వచ్చునని తెలియనివాడు పందిటిలో ఎవడు? నటుడు పద్యము చివర రాగము తీసి ఎక్కడ విడుచునో తెలియనివాడెవడు? అయినను 'వన్స్ మోర్' అని కేకలు వేయుదురు. మనలో ఇద్దరు కాచుకొని యుందురని మాకు తోచుచున్నది. ఒకడు బుద్ధి; వానికి కథ తెలియును. రెండవవాడు చెవి; వాడు మొండివాడు, జీవితమంతయు విన్న అలవాటు ననుసరించి మెత్తని పలుకు వెంట మెత్తని పలుకే యని నమ్మును. బుద్ధి ఎంత చెప్పినను వినడు. ప్రతిమారును వాడు మోసపోవుటను బుద్ధి ప్రక్కన నిలిచి చూచి ఆనందించును.

పాటలోని ఆశ ఒకటి, పాడువానిపైని ఆశ వేరొకటి. ఓపెత్ బృందము గర్జించు కంఠమునకు ప్రసిద్ధి చెందినది. 2011లో వారు 'హెరిటేజ్' అను సంపుటమున గర్జన మొత్తముగ విడిచి మామూలు కంఠముతో పాడిరి. గర్జనకు అలవాటుపడినవారిలో పలువురు నొచ్చుకొనిరి. లేని ధ్వని యొకటి అంతమందిని కలతపెట్టుట విచిత్రము కాదా? ఆ తరువాతి సంపుటములును అట్లే నడచినవి. పదుమూడేండ్లకు, 2024లో, గర్జన తిరిగి వచ్చెను. అప్పటికి అది రాదని అందరును నిశ్చయించుకొని యుండిరి గనుక, ఒకప్పుడు వారి వాడుకయైనదే ఇప్పుడు వింతయైనది. మనలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నాలుగే స్వరములతో లవంగి, మహతి మొదలగు రాగములను కల్పించినప్పుడును ఇట్టి కలకలమే కలిగినది. అయిదు స్వరములైన లేనిది రాగమెట్లగునని ఆక్షేపించినవారు సంగీతము తెలియనివారు కారు, తెలిసినవారే. తెలియనివారికి ఆ నాలుగు స్వరములు ఇంపుగ వినబడెను, అంతటితో సరి. ఆక్షేపించుటకును అర్హత కావలెను.

అంతమాత్రమున ఈ సంగీతమున వచ్చినదంతయు తలకెత్తుకొనుమని చెప్పము. 1985లో బోస్టను నగరపు సంగీత విద్యార్థులు స్థాపించిన డ్రీమ్ థియేటర్ అను బృందము 1999లో 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అను వాద్యరచన చేసెను. ఆరు నిమిషములలో తాళము నూరుమార్లకు పైగా మారునని అభిమానులు లెక్క తేల్చిరి. వాయించువారి పాటవమునకు నమస్కారము. కాని మాకది ఎనిమిదిమార్లు విన్నను పట్టుబడలేదు. ప్రతి యడుగునను మలుపున్నచో శ్రోత దేనిని ఆశింపగలడు? ఆశింపనివానిని ఆశ్చర్యపరచుట ఎట్లు? మేనల్లుడు దీనికి ఒప్పుకొనలేదు. మలుపులు తనకు కంఠస్థమనెను. కావచ్చును. మన కచేరీలలోను తని ఆవర్తనమును కేవలము గణితప్రదర్శనము చేసి, జనము కాఫీకి లేచిపోవునట్లు చేయు విద్వాంసులున్నారు. ఆ లేచిపోవువారిలో మేమును పలుమారు లుంటిమి.

సంక్రాంతికి మేనల్లుడు వచ్చెను. స్పీకరు తెచ్చినాడా యని మేమే అడిగితిమి. "వద్దులే మామా, చలికాలం మిద్దెమీద యాడ కూసుంటావు" అని తప్పించుకొనజూచెను. కంబళి కప్పుకొని కూర్చుంటిమి. పది నిమిషములును వింటిమి. ఆ మెత్తని గిటారు వచ్చినప్పుడు తరువాత నేమి రానున్నదో తెలిసియుండియు, మా మొండిచెవి మరల నమ్మెను. చేతులపై రోమములు నిక్కబొడిచినవి. చలి యని చెప్పవచ్చును గాని చెప్పలేదు. వేసవిలో అన్న మాటకు క్షమింపుమని అడుగదలచితిమి, నోరు రాలేదు. "కుడిచేయి బాగుగ నున్నదిరా" అంటిమి. అతడు తల వంచుకొని నవ్వెను.

మరునాటి రాత్రి ప్రక్కపల్లెలో చెక్కభజన యున్నదని తెలిసి ఇద్దరమును పోతిమి. నలుబదిమంది చెక్కలు పట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, రెండు వలయములుగ నిలిచిరి. నడుమ గురువు, డెబ్బదియేండ్ల వాడు. ఒక్కొక్క అడుగు కొన్నిసారులు తిరిగిన పిదప గురువు సైగ చేయగా అందరును ఒక్కటై మరియొక అడుగునకు మారుదురు. మేనల్లుడు వెంటనే లెక్క కట్టసాగెను. ఎనిమిది చుట్లకొకమారు మారుచున్నదని మా చెవిలో చెప్పెను. మేమును అట్లే లెక్కించితిమి. మూడుమార్లు లెక్క సరిపోయెను. నాలుగవమారు ఇద్దరమును ఎనిమిదవ చుట్టునకై మెడలు సాచి కాచుకొని యుండగా, గురువు ఏడవ చుట్టు నడుమనే కాలు తిప్పెను. నలుబదిజతల చెక్కలును ఆయనతో తిరిగినవి. మా యిద్దరి చేతులు మాత్రము గాలిలో నిలిచిపోయినవి. గురువు మా వైపు చూచెనో, చూడలేదో. మేనల్లుడు పగలబడి నవ్వి, "మామా, ముసలాయన మనల్ని కోసేసినాడు" అనెను.